భూమి వేడిమి జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ప్రబంధ వాఙ్మయమును గూర్చి మాటలాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను గాలిని గూర్చి మాటలాడెదనంటిని. వారు కొంచెము నొచ్చుకొనిరి గాని కాదనలేదు. గ్రంథాలయమనగా కావ్యములకు మాత్రమే నెలవను అభిప్రాయము మన పూర్వులకు లేదు. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన తరమువారే, కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు ముందునిలువగా, 1906 లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్రములతోపాటు ప్రకృతిశాస్త్రములను గూడ తెలుగున అచ్చొత్తించిరి. కావున నేను దారి తప్పితినని యెవరును అనుకొనవలదు.

నేడు పత్రికలలో "హరితగృహ వాయువులు" అను మాట తరచుగా కనబడుచున్నది. పిల్లలు పాఠశాలలో చదువుచున్నారు. పెద్దలు రచ్చబండ మీద, "ఎండలు మా తాతలనాడును ఉన్నవే గదా, ఈ క్రొత్త మాట యేల?" అనుచున్నారు. నేను శాస్త్రవేత్తను గాను. సహకార సంఘమున జమాఖర్చులు వ్రాసి జీవించువాడను. అయినను కొన్ని పుస్తకములు చదివిన పిమ్మట ఈ విషయము మూలమున ఒక జమాఖర్చేయని నాకు తోచినది. అందుచేతనే ధైర్యము చేసితిని.

భూమికి వేడిమి రాబడి దాదాపు అంతయు సూర్యుని వలననే. రఘువంశమున కాళిదాసు దిలీప మహారాజు పన్ను గ్రహించు విధమునకు సూర్యుని ఉపమానముగా తెచ్చెను. కవి కంటికి సూర్యుడు పన్ను వసూలు చేయు ప్రభువు. వేడిమి లెక్కలో మాత్రము అతడు ఇచ్చువాడే. అతడు పంపిన దానిలో నూటికి సుమారు 30 పాళ్లు మేఘములును, మంచును, ఇసుకయు, గాలిలోని ధూళియు అద్దమువలె వెనుకకు త్రిప్పివేయుచున్నవి. మిగిలిన 70 పాళ్లు నేలయు నీరును గాలియు జీర్ణించుకొనుచున్నవి. ఇది జమ.

ఇక ఖర్చు. భూమి శూన్యమున వ్రేలాడుచున్నది. చుట్టును తాకునది యేదియు లేదు గనుక వేడిని మరియొకదానికి అంటించి చల్లారుటకు వీలులేదు. ఉన్న మార్గమొక్కటే: కంటికి కనబడని పరారుణ కిరణముల రూపమున వేడిని ఆకాశమునకు పంపుట. కాలిన పెనము మీదికి చేయి చాపిన, తాకకయే వేడి తగులునుగదా, అట్టి కిరణములే ఇవి. వస్తువు ఎంత వేడెక్కిన అంత యెక్కువగా ఈ కిరణములను వెదజల్లును. జమయు ఖర్చును సరిపడిన చోట భూమి ఉష్ణోగ్రత నిలకడగా నుండును.

ఇప్పుడు వింత చూడుడు. గాలిలో ఈ కిరణములను అడ్డగించునది యేదియు లేదనుకొని లెక్కవేసినచో భూమి సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 18 డిగ్రీల సెంటిగ్రేడుగా తేలుచున్నది. అనగా మన చెరువులు, సముద్రములు గడ్డకట్టియుండవలెను. కాని వాస్తవముగా సగటు సుమారు 15 డిగ్రీలు. నడుమనున్న 33 డిగ్రీలు ఎక్కడివి? జమలో పెరుగుదల లేదు. ఖర్చులో జాప్యము కలిగినది. చెల్లింపు ఆలస్యమైనప్పుడు పెట్టెలో నిలువ పెరుగునుగదా! ఆ ఆలస్యము చేయు గుమాస్తాలే హరితగృహ వాయువులు.

మన గొల్లవారి గొంగడిని తలచుకొనుడు. గొంగడిలో నిప్పు లేదు. అది వేడిని పుట్టింపదు. ఒంటి వేడిని తొందరగా పోనీయదు, అంతే. గాలిలోని యీ వాయువులును అట్టివే. ఇది పుస్తకముల మాటయే కాదు, మన కందరకు అనుభవమున నున్నదే. పుష్యమాసమున ఆకాశము నిర్మలముగానున్న రాత్రి తెల్లవారుసరికి చలి ఎముకలు కొరుకును. అదే మాసమున మబ్బుపట్టిన రాత్రి దుప్పటి అక్కరలేకుండును. సూర్యుడు రెండు రాత్రులును లేడు. భేదము మీది కప్పులోనున్నది.

హరితగృహమను పేరు నాకంతగా నచ్చలేదు. శీతదేశములలో మొక్కలను పెంచు అద్దాల ఇల్లు ముఖ్యముగా గాలిని కదలనీయక పోవుటచే వెచ్చబడుచున్నది. మన వాయువులు చేయు పని వేరు. కాని లోకమున స్థిరపడిన పేరును మార్చుట మన వశము గాదు.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు. ఇంత పెద్ద కుటుంబములీ రెండును ఈ కిరణములకు అడ్డుపడవు. శ్రుతి కలిసిన తంత్రి మాత్రమే ప్రక్క తంత్రి మ్రోగినపుడు తానును కంపించునని వీణ యెరిగినవారు చెప్పుదురు. ఒకే జాతి పరమాణువులు రెండేసి కూడిన నత్రజనికి, ప్రాణవాయువునకు ఆ శ్రుతి లేదు. నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు (దీనినే నేడు కార్బన్ డయాక్సైడు అనుచున్నారు), మీథేను, నైట్రస్ ఆక్సైడు, ఓజోను మొదలైనవాటి అణువులలో మూడుగాని అంతకెక్కువగాని పరమాణువులుండుటచే అవి ఆ కిరణములకు కంపించి, వాటిని మ్రింగి, మరల అన్ని దిక్కులకు వెదజల్లును. అందు కొంత భాగము క్రిందికి తిరిగివచ్చును.

"పది లక్షల పాళ్లలో నాలుగువందల చిల్లర పాళ్లు మాత్రమేనున్న బొగ్గుపులుసు ఏమి చేయగలదు?" అని ఒక మిత్రుడు నన్నడిగెను. తెల్లబట్టలు జాడించు గంగాళము నీటిలో చిటికెడు నీలిమందు వేసి చూడుమంటిని. నీటికి రంగు లేదు, ఉన్నదంతయు నీలిదే. నత్రజని ఎంతయున్నను ఈ కిరణముల విషయమున నీటివంటిదే.

గాలి పలుచనైన తావున ఏమగునో చంద్రుని చూచిన తెలియును. అక్కడ పగలు నేల నీరు మరుగు వేడిని మించును, రాత్రి సున్నకు దిగువ నూరు డిగ్రీలను దాటి దిగజారును. గొంగడి మితిమీరినచో ఏమగునో శుక్రుడు చెప్పుచున్నాడు. ఆ గ్రహపు గాలిలో నూటికి 96 పాళ్లు బొగ్గుపులుసే. సూర్యునికి మరింత చేరువనున్న బుధుని కన్నను శుక్రుడే వేడి. అక్కడి నేల 460 డిగ్రీల పైమాటయట.

ఇది నిన్న మొన్నటి ఊహ గాదు. 1824 లో ఫ్రాన్సు దేశపు ఫూరియే అను గణితజ్ఞుడు, గాలి భూమిని వెచ్చగా నుంచుచున్నదని వాదించెను. 1856 లో అమెరికాలో యూనిస్ ఫుట్ అను గృహిణి రెండు గాజు గొట్టములలో వేరువేరు వాయువులను నింపి, ఉష్ణమాపకములుంచి, ఎండలో పెట్టి, బొగ్గుపులుసు నిండిన గొట్టము ఎక్కువగా వేడెక్కి చాలసేపటికి గాని చల్లారకుండుట కనుగొనెను. అట్టి వాయువు గాలిలో పెరిగినచో భూమి వేడెక్కునని కూడ ఆమె వ్రాసెను. ఆ వ్యాసమును పండిత సభలో ఆమె చదువలేదు, ఒక పురుషుడు చదివెను. తరువాత నూరేండ్లకు పైగా ఆమె పేరు మరుగునపడెను. ఈ సభకు వచ్చిన బాలికలు ఆ పేరు గుర్తుంచుకొందురుగాక. 1859 లో టిండాల్ అను ఆయన ఏయే వాయువులు ఈ కిరణములను అడ్డునో ప్రయోగశాలలో కొలిచి చూపెను.

అటుపిమ్మట 1896 లో స్వీడను దేశీయుడు ఆర్హీనియస్, గాలిలో బొగ్గుపులుసు రెట్టింపైన భూమి ఎంత వేడెక్కునని లెక్కకట్టెను. యంత్రము లేదు. సుమారు ఒక యేడాది చేతితో అంకెలు వేసెనట. అయిదారు డిగ్రీలని ఆయనకు తేలినది. నేటివారి అంచనా సుమారు మూడు డిగ్రీలు. లెక్కలు వ్రాయువానికి ఆ మనిషి మీద గౌరవము కలుగకుండునా? ఆ మరుసటి యేడు, 1897 ఆగస్టు 20 వ తేదీన, మన సికిందరాబాదు చెంత బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపున మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో చూచెను. కంటికి కనబడని రెండు సంగతులు, ఒకటి గాలిలోను మరియొకటి దోమలోను, ఏడాదిన్నర లోపల బయటపడినవి. రాస్‌కు 1902 లో, ఆర్హీనియస్‌కు వేరొక పరిశోధనకై 1903 లో నోబెల్ బహుమతులు వచ్చినవి. దోమను లోకము వెంటనే నమ్మెను. గాలి మాట నమ్ముటకు మరి యెనుబదియేండ్లు పట్టినది.

ఆర్హీనియస్ ఒక్కచోట అంచనా తప్పెను. బొగ్గు కాల్చుటచే ఆ వాయువు రెట్టింపగుటకు వేల సంవత్సరములు పట్టునని ఆయన తలచెను. మానవుడు ఇంత వేగముగా త్రవ్వునని ఊహింపలేదు.

ఆ త్రవ్వకము కథ మన ప్రాంతముననే చూడవచ్చును. 1871 లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు వద్ద బొగ్గును కనుగొనెను. 1874 లో వాడి నుండి సికిందరాబాదునకు రైలు వచ్చియున్నది. 1889 లో ఇల్లెందున బొగ్గు తీయుట మొదలైనది, ఆ యేడే రైలు బెజవాడ దాక సాగినది. మన పెద్దలకు సికిందరాబాదు స్టేషనన్న ముందు జ్ఞాపకమునకు వచ్చునది పొగబండియే. నేడు ఆ పట్టాల మీద పొగ లేదు, బండ్లు విద్యుత్తుతో నడచుచున్నవి. ఆ విద్యుత్తులో పెద్ద పాలు బొగ్గు వలన పుట్టినదే. రామగుండమున 1983 లో మొదలైన జాతీయ విద్యుత్కేంద్రము క్రమముగా 2600 మెగావాట్లకు పెరిగినది. మసి దూరమైనది గాని వాయువు దూరము కాలేదు. కంటబడు నల్లని పొగ వేరు, బొగ్గుపులుసు వేరు. రెండవదానికి రంగును లేదు, వాసనయు లేదు.

ఈ గోదావరి లోయ బొగ్గు యెట్టిదనగా, ఇరువదియైదు కోట్ల యేండ్లకు పూర్వమే అడవులు గాలి నుండి పీల్చిన కర్బనము. అది కుంభకర్ణునివలె నేల క్రింద నిదురించుచున్నది. ఒక కిలో శుద్ధ కర్బనము కాలిన 3.67 కిలోల బొగ్గుపులుసు తయారగును, ఏలయన కాలుటయనగా ప్రాణవాయువుతో కూడుటయే. బూడిదయు తేమయు పోగా, మన బొగ్గు ఒక టన్నునకు టన్నున్నర వాయువనుకొనుట యెక్కువ గాదు. సింగరేణి గనులు 2023-24 లో సుమారు 7 కోట్ల టన్నులు తీసినవి. గుణించుకొనుడు, పదికోట్ల టన్నులు దాటును. కోట్ల యేండ్ల నిలువ ధనమును ఒక్క తరమున తీసి ఖర్చు వ్రాయుట ఏ పద్దులోను నేను చూడలేదు. అయితే ఆ గనులలో చెమటోడ్చిన కార్మికులను గాని, ఆ దీపముల క్రింద చదివిన మనలను గాని నేను నిందించుట లేదు. ఈ గ్రంథాలయపు దీపమును ఆ విద్యుత్తే వెలిగించుచున్నది.

ఫలితము చూడుడు. యంత్రయుగమునకు ముందు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లు బొగ్గుపులుసుండెడిది. ఎట్లు తెలిసెననగా, ధ్రువ ప్రాంతముల పాతమంచులో చిక్కుకొనిన గాలిబుడగలు అప్పటి చిఠ్ఠాను అట్లే దాచియుంచినవి. 1958 లో హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద కీలింగ్ అను ఆయన నిత్యము కొలుచుట ఆరంభించినపుడు 315. 2024 నాటికి 420 దాటినది. పది లక్షల రూపాయలలో నూటనలుబది రూపాయల హెచ్చేమి లెక్కయని నవ్వకుడు. ఉన్న నిలువ మీద అది సగము పెరుగుదల. మనము వదలిన దానిలో సగమునకు పైగా సముద్రములును అడవులును పుచ్చుకొనుచున్నవి. లేకున్న ఈ అంకె ఇంకను పెద్దదై యుండెడిది.

ఈ హెచ్చు మన కాల్పు వలననేనని రుజువేమని అడుగవచ్చును. మంచి ప్రశ్న. వోచరు లేని పద్దును నేనును ఒప్పుకొనను. కర్బనములో రేడియో ధార్మికత గల ఒక జాతి కలదు. అది కొన్ని పదివేల యేండ్లలో క్షయించిపోవును గనుక ప్రాచీనమైన బొగ్గులో ఉండదు. గాలిలోని కర్బనమున ఆ జాతి పాలు పలుచబడుట కొలతలలో కనబడినది. అనగా వచ్చిన సొమ్ము మీద పాత పెట్టె ముద్ర ఉన్నది. వేడెక్కుటకు సూర్యుడే కారణమైనచో గాలి పైపొరలు గూడ వేడెక్కవలెను. నేల దగ్గర వేడెక్కుచుండ పైపొరలు చల్లబడుచున్నవి. గొంగడి కప్పుకొనినవాని లోపల వెచ్చన, బయట చల్లన యనుటకిది సరిపోయినది.

1850-1900 నాటి సగటుతో పోల్చిన, 2011 మొదలు 2020 వరకు భూమి సుమారు 1.1 డిగ్రీ వేడెక్కినది. 2024 వ సంవత్సరమొక్కటి 1.5 డిగ్రీలను దాటినది. ఇక్కడ రచ్చబండ వారి ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. హైదరాబాదున 1966 జూన్ 2 వ తేదీన 45.5 డిగ్రీల ఎండ కాసినది నిజమే. ఒక్క దినము బేరమును చూచి అంగడి లాభనష్టములు చెప్పుట యెట్లో, ఒక్క దినపు ఎండను చూచి కాలగతిని చెప్పుట అట్లే. సగటు కదలినప్పుడు తీవ్రమైన దినములు తరచుగా వచ్చును. 2015 మే మాసపు వడగాడ్పులకు దేశమున రెండువేల మందికి పైగా మరణించిరి. అందధికులు మన రెండు తెలుగు రాష్ట్రముల వారే, వారిలో పెక్కురు ఎండలో పని మానుటకు వీలులేని కూలీలు, వృద్ధులు. వర్షమునకును ఇదే న్యాయము. 1908 సెప్టెంబరున మూసీ పొంగి నగరమును ముంచినపుడు ఈ వాయువులింతగా లేవు. కావున ప్రతి వరదకు గాలినే దూషించుట తగదు. కాని ఒక డిగ్రీ వేడెక్కిన గాలి నూటికి సుమారు 7 పాళ్లు ఎక్కువ ఆవిరిని మోయగలదు. మోసినదానిని ఒక్కచోట దింపిన 2020 అక్టోబరు 13 న ఘట్‌కేసరు వద్ద కురిసిన ముప్పది సెంటీమీటర్ల పై వర్షము వంటివి మరింత సులభమగును. ఆ ఆవిరియు గొంగడిలో ఒక పోగే గనుక వేడి మరికొంత పెరుగును. వడ్డి మీద వడ్డి.

ఈ అప్పు ఎవరిది? అమెరికాలో తలకొకరికి యేటికి సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వెలువడుచుండ, మన దేశమున సుమారు 2 టన్నులు. యంత్రయుగము మొదలు నేటి వరకు పేరుకొనిన దానిలో సుమారు నాలుగవ వంతు అమెరికాదే. మన పాలు నూటికి మూడు నాలుగు. ఈ అన్యాయమును గట్టిగా చెప్పవలెను. చెప్పుచునే మన మడి వైపు కూడ చూడవలెను, ఏలయన ఎండ దేశము పేరు అడిగి కాయుట లేదు.

మన గ్రామమున గని లేదు, మిల్లు లేదు. వరి యున్నది. నిలువ నీటి క్రింద ప్రాణవాయువు చొరని బురదలో కొన్ని సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డిని తిని మీథేనును వదలును. కాలితో మడిని త్రొక్కినపుడు పైకి వచ్చు బుడగలలో అదే కలదు. మానవుల వలన వెలువడు మీథేనులో నూటికి ఎనిమిది పది పాళ్లు వరి మడులదని అంచనా. పశువుల నెమరు వలన వచ్చునది అంతకు మించినది. బరువునకు బరువు చూచిన, నూరేండ్ల లెక్కలో మీథేను బొగ్గుపులుసునకు 27 రెట్లకు పైగా వేడిని పట్టును. కాని దాని ఆయువు పండ్రెండేండ్ల లోపే. బొగ్గుపులుసులో కొంత భాగము వేల యేండ్లుండును. అందుచేత మీథేనును తగ్గించిన ఫలము మన కళ్ల యెదుటనే కనబడును.

తగ్గించు ఉపాయము కష్టమైనది గాదు. మడిని ఎల్లప్పుడు నింపియుంచక, తడిపి, ఆరనిచ్చి, మరల తడుపుట. ఒక మూర కన్న పొట్టియైన గొట్టమునకు చిల్లులు పెట్టి మడిలో పాతవలెను. లోపల నీటిమట్టము నేలకు 15 సెంటీమీటర్లు దిగువకు పోయినప్పుడు మరల నీరు పెట్టవలెను. నాటిన తొలి దినములలోను, పూత దశలోను మాత్రము నీరు తగ్గనీయరాదు. ఇట్లు చేసిన మీథేను మూడవ వంతు మొదలు సగము వరకు తగ్గునని ప్రయోగములు చూపినవి. పద్ధతిగా చేసిన దిగుబడి తగ్గదు. గత యాసంగిలో నేను అర ఎకరమున చేసి చూచితిని. ధాన్యము ప్రక్క మడితో సమానముగానే వచ్చినది, మోటారు చాల దినములు ఊరకున్నది. వ్యవసాయమునకు విద్యుత్తు ఉచితము గనుక మనలో ఎవరును ఆ పద్దు వ్రాయుటలేదు. రామగుండమున బొగ్గునకు మాత్రము పద్దు ఉన్నది, బోరు క్రింది నీటికి నేలలో పద్దు ఉన్నది.

యూరియా మాటయు చెప్పి విరమించెదను. మొక్క వాడుకొనని నత్రజని ఎరువులో కొంత నైట్రస్ ఆక్సైడుగా మారును. అది నూరేండ్లకు పైగా నిలుచును, బొగ్గుపులుసునకు సుమారు 270 రెట్లు. మడి ఆరుట తడియుట నడుమ ఈ వాయువు కొంత హెచ్చు భయము కలదు గనుక, గొట్టము పెట్టినవారు యూరియాను ఒక్కసారి చల్లక మూడు దఫాలుగా, మడి తడి చూచి వేయవలెను. చిల్లుల గొట్టములు పండ్రెండు చేయించి సంఘపు గిడ్డంగిలో ఉంచితిని. వచ్చు యాసంగికి కావలసిన రైతులు నా వద్ద పేరు వ్రాయించుకొని తీసికొనిపోవచ్చును. తడిపిన తేదీలు వ్రాయుటకు ఒక చిఠ్ఠా ఈ గ్రంథాలయపు బల్ల మీద ఉండును.